‘బ్రింగింగ్ అప్ బేబీ’లో ప్రేమ ఎక్కడుంది?

‘బ్రింగింగ్ అప్ బేబీ’ని మొదటిసారి చూశానంటూ మీరు మూడు సంగతులు అడిగారు. కథానాయిక సుసాన్ అమాయకపు శాస్త్రవేత్త డేవిడ్‌ను నానా తిప్పలు పెట్టడమే తప్ప ఇందులో ప్రేమ ఎక్కడుంది, అది వేధింపు కాదా అన్నది మొదటిది. అందరూ ఇంతగా మెచ్చుకునే సినిమా 1938లో విడుదలైనప్పుడు ఎందుకు ఆడలేదన్నది రెండోది. పొసగని ఇద్దరిని కలిపి మీరు రాసుకుంటున్న హాస్యకథకు ఇందులోంచి నేర్చుకోదగినది ఏమిటన్నది మూడోది. మాటల వేగంలో కొన్ని అందకుండా తప్పిపోయాయని విసుక్కున్నారు కూడా. చాలా ఏళ్ళుగా స్క్రీన్‌ప్లే పాఠాలు చెబుతూ, ప్రతి తరగతిలోనూ ఈ సినిమాను విద్యార్థులతో కలిసి చూస్తున్నవాడిగా నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. ఈ ఇద్దరి మధ్య ఉన్న అసలు తేడా వేగంలో ఉంది. డేవిడ్ ఒక పని ముగించి, చేతులు దులుపుకుని, ఆలోచించి, ఆ తరువాతే రెండో పని మొదలుపెట్టే మనిషి. సుసాన్ మొదటి పని సగంలో ఉండగానే మూడో పనిలోకి దూకే మనిషి. సినిమా నడిచే గంటా నలభై నిమిషాలలో డేవిడ్ అడుగు ఎక్కడెక్కడ ఆమె అడుగుతో కలుస్తుందో చూసుకుంటూ వెళితే మీరు వెతుకుతున్న ప్రేమ కనబడుతుంది. మాటల్లో వెతికితే దొరకదు, ఎందుకంటే ఆ ఇద్దరూ చివరి నిమిషం దాకా దాన్ని ఒకరితో ఒకరు చెప్పుకోరు.

సినిమా చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. డాక్టర్ డేవిడ్ హక్స్‌లీ పాత్రలో క్యారీ గ్రాంట్, ఒక మ్యూజియంలో నాలుగేళ్ళుగా బ్రాంటోసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని ఎముక తరువాత ఎముక పేర్చి నిలబెడుతుంటాడు. మిగిలిన ఒకే ఒక్క ఎముక దొరికిందని తంతి వస్తుంది. మర్నాడే తన సహాయకురాలు ఆలిస్‌తో పెళ్ళి. ఈలోగా మ్యూజియంకు పది లక్షల డాలర్ల విరాళం ఇవ్వదలచిన ఒక ధనికురాలి లాయరును మంచి చేసుకోవడానికి గోల్ఫ్ మైదానానికి వెళతాడు. అక్కడ సుసాన్ వాన్స్ (కేథరీన్ హెప్‌బర్న్) తారసపడుతుంది. ఆమె సోదరుడు బ్రెజిల్ నుంచి బేబీ అనే సాధు చిరుతను పంపుతాడు, దాన్ని కనెక్టికట్‌లోని తన ఆంటీ ఇంటికి చేర్చడానికి సుసాన్ డేవిడ్‌ను లాక్కుపోతుంది, ఆంటీ గారి కుక్క ఆ అపురూపమైన ఎముకను ఎత్తుకుపోయి ఎక్కడో పాతిపెడుతుంది, బేబీ తప్పించుకుంటుంది, అదే రాత్రి ఒక సర్కస్ నుంచి నిజంగా క్రూరమైన మరో చిరుత కూడా బయటపడుతుంది. విరాళం ఇవ్వబోయే ధనికురాలు ఆ ఆంటీయే అని డేవిడ్‌కు ఆలస్యంగా తెలుస్తుంది. చివరకు అందరూ పల్లెటూరి జైల్లో తేలతారు.

మీకు ప్రేమ కనబడకపోవడానికి కారణం బహుశా మొదటి అయిదు నిమిషాలను తొందరగా దాటేయడం. మ్యూజియంలో ఆ మొదటి దృశ్యాన్ని మళ్ళీ చూడండి. డేవిడ్ ఎత్తయిన పరంజా మీద, చేతిలో ఎముకతో, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఆలోచనామగ్నుడైన శిల్పంలా కూర్చుని ఉంటాడు. కింద ఆలిస్ వచ్చేవాళ్ళను నిశ్శబ్దంగా ఉండమంటుంది. హనీమూన్‌కు వెళదామన్న అతని ఆశను ఆమె మొగ్గలోనే తుంచేస్తుంది. తమ పెళ్ళి అతని పరిశోధనకు అంకితమని, సంసారపు చిక్కులేవీ అందులో ఉండకూడదని చెబుతుంది. పిల్లల మాట అతను తడబడుతూ ఎత్తితే, ఎదురుగా ఉన్న అస్థిపంజరాన్ని చూపించి ఇదే మన బిడ్డ అంటుంది. అప్పుడు గ్రాంట్ ముఖంలో ఒక చిన్న నిరాశ మెరిసి మాయమవుతుంది. పూర్తి నవ్వుల సినిమాకు పునాది ఆ నిరాశే. సుసాన్ వచ్చి ఒక నిండు జీవితాన్ని పాడుచేసిందని అనుకుంటే ఆమె మీద కోపం వస్తుంది. కానీ ఆమె వచ్చేసరికే అక్కడ ఉన్నది ఎముకల గూడు, దాని పక్కన మరో ఎముకల గూడు లాంటి పెళ్ళి. ఆలిస్‌కు కావలసింది డాక్టర్ హక్స్‌లీ. సుసాన్‌కు ఆ మనిషి డాక్టరో కాదో కూడా చాలాసేపటి దాకా పట్టదు.

ఆ ఎముక గురించి ఒక పిట్టకథ. సినిమాలో పదే పదే వినబడే ‘ఇంటర్‌కాస్టల్ క్లావికిల్’ అనేది ఏ జంతువు శరీరంలోనూ లేదు. క్లావికిల్ అంటే కంటె ఎముక, ఇంటర్‌కాస్టల్ అంటే పక్కటెముకల మధ్యది. ఆ రెండింటినీ అతికించి పలకడానికి గంభీరంగా, వినడానికి శాస్త్రీయంగా ఉండే ఒక వస్తువును రచయితలు పుట్టించారు. హైదరాబాదులోని బిర్లా మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని తల పైకెత్తి చూసినవారికి, అలాంటి దాని మీద నాలుగేళ్ళు వెచ్చించిన మనిషికి చివరి ఎముక అంటే ఎంత ప్రాణమో తెలుస్తుంది. ఆ ప్రాణమంతా లేని ఎముక మీద పెట్టుకున్నాడన్నది రచయితలు లోలోపల నవ్వుకున్న సంగతి.

గోల్ఫ్ మైదానం దృశ్యానికి వద్దాం, ఎందుకంటే సుసాన్ తర్కం అక్కడే పూర్తిగా బయటపడుతుంది. ఆమె డేవిడ్ బంతిని తనదనుకుని కొట్టేస్తుంది. అతను పరుగెత్తుకుంటూ వెళ్ళి, ఆ బంతి మీద సున్నా గుర్తు ఉందని, అది తనదని వివరిస్తాడు. గుండ్రంగా లేకపోతే బంతి దొర్లదు కదా అని ఆమె తాపీగా జవాబిస్తుంది. అతను గుర్తు గురించి మాట్లాడుతున్నాడు, ఆమె బంతి ఆకారం గురించి మాట్లాడుతోంది, ఇద్దరి మాటా సరైనదే. కాసేపటికి ఆమె పార్కింగ్‌లో అతని కారునే తనదనుకుని, పక్క కార్లకు గీసుకుంటూ బయటకు తీస్తుంది. అతను బయటి ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ, దూరమైపోతున్న లాయరు గారికి ఒక్క నిమిషంలో వస్తానని అరుస్తూ ఉంటాడు. బంతి, కారు, మనిషి, ఏది ఎవరిదన్న పట్టింపు సుసాన్‌కు లేదు. పుట్టుకతోనే డబ్బున్నవాళ్ళకు మాత్రమే అలాంటి నిర్లక్ష్యం అబ్బుతుందని 1938 నాటి ప్రేక్షకులకు ఎవరూ చెప్పనవసరం లేదు, ఎందుకంటే వాళ్ళు మహామాంద్యం మధ్యలో కూర్చుని చూస్తున్నారు. 1934లో ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్’ అయిదు ప్రధాన ఆస్కార్లు గెలిచినప్పటి నుంచి, తలతిక్క ధనికులను చూసి నవ్వుకునే ఈ స్క్రూబాల్ కామెడీలకు హాలీవుడ్‌లో మంచి గిరాకీ ఉండేది. అయితే కాప్రా తన ధనికుల కూతురికి బస్సు ప్రయాణంలో లోకం ఎలాంటిదో చూపించి కొంత మార్చాడు. ఈ సినిమా దర్శకుడు హోవర్డ్ హాక్స్ సుసాన్‌ను వెంట్రుకవాసి కూడా మార్చడు. పొగరుబోతు అమ్మాయిని కథానాయకుడు దారికి తెచ్చే కథలకు అలవాటుపడిన మనకు ఇది కొంత మింగుడుపడదు. ఇక్కడ దారికి వచ్చేది, లేదా దారి తప్పేది, అతనే.

ఇప్పుడు నేను తరగతిలో ఆపి ఆపి చూపించే దృశ్యం. ఒక ఖరీదైన హోటల్లో, రాత్రివేళ. అంతకుముందే సుసాన్ జారవిడిచిన ఆలివ్ కాయ మీద కాలు వేసి డేవిడ్ పడ్డాడు, అతని టోపీ అప్పచ్చి అయింది, వాళ్ళిద్దరి పెనుగులాటలో అతని కోటు వెనక చిరిగింది. కోపంగా వెళ్ళిపోబోతున్న సుసాన్ గౌను అంచు మీద అతని కాలు పడుతుంది, ఆమె అడుగు వేసేసరికి గౌను వెనకభాగం మొత్తం ఊడి వస్తుంది. ఆమెకు తెలియదు. అతనికి తెలుసు. ఎలా చెప్పాలో తెలియక తన టోపీని ఆమె వెనక అడ్డుపెడతాడు, ఆమె తోసేస్తుంది, గోడకు ఆనించి నిలబెట్టబోతాడు, ఆమె తిడుతుంది. చివరకు ఆమె చెయ్యి వెనక్కి వెళ్ళి తడిమి చూసుకుంటుంది. ఆ తరువాత అతను ఆమె వీపుకు తన ఛాతీ ఆనించి, ఆమె ఎడమకాలు వేస్తే తానూ ఎడమకాలు, కుడికాలు వేస్తే కుడికాలు, కవాతులాగా నడుస్తూ హాలు మధ్యనుంచి ఇద్దరూ బయటపడతారు. ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. అప్పటిదాకా ప్రతి దృశ్యంలోనూ ఆమె పరుగెత్తింది, అతను వెనకబడ్డాడు. మొదటిసారి ఇద్దరి అడుగూ ఒకటయింది, అదీ ఆమె పరువు కోసం. గ్రాంట్ ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పుట్టి, చిన్నతనంలోనే గారడీలు, పిల్లిమొగ్గలు వేసే బృందంలో చేరి అమెరికా వచ్చినవాడు. పడటం, తడబడటం, అడుగులో అడుగు వేయడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. కాబట్టే అంత ఇబ్బందికరమైన నడకలో కూడా ఒక నాట్యం లాంటి తూకం కనబడుతుంది.

గోల్ఫ్ మైదానం దగ్గర మొదలుపెట్టి డేవిడ్ ఏమేం పోగొట్టుకుంటాడో లెక్కవేయండి. బంతి, కారు, టోపీ, కోటు తోక, పెళ్ళి ముహూర్తం వరుసగా పోతాయి. ఆ తరువాత అతను స్నానానికి వెళితే సుసాన్ అతని బట్టలను శుభ్రం చేయించే నెపంతో పంపేస్తుంది, దొరికిన ఒకే ఒక్క దుస్తు, ఈకల అంచులున్న ఆడవాళ్ళ గౌను, వేసుకుని అతను తలుపు తీస్తాడు. ఎదురుగా ఆంటీ. ఇదేం వేషమని ఆవిడ నిలదీస్తే అతను ఎగిరి గంతేసి అరిచే మాట గ్రాంట్ అప్పటికప్పుడు కల్పించుకున్నదని అంటారు. కాసేపట్లో అతని పేరు కూడా పోతుంది, ఎందుకంటే సుసాన్ అతన్ని మిస్టర్ బోన్ అనే వేటగాడిగా పరిచయం చేస్తుంది. రాత్రి అడవిలో కళ్ళజోడు పగులుతుంది. నిండా మునిగినవాడికి చలేమిటన్నట్టు, ఆ క్షణం నుంచి అతని మాట తీరే మారిపోతుంది, గొంతు పెరుగుతుంది, ఆమెకు ఎదురు చెప్పడం మొదలవుతుంది. ఈ వరుసలో ఏదీ పొరపాటున వచ్చింది కాదు. తెరమీద ఏం చూపించకూడదో చెప్పే ప్రొడక్షన్ కోడ్ అనే నియమావళి 1934 నడుమ నుంచి హాలీవుడ్‌లో కఠినంగా అమలవుతున్న రోజులవి. పెళ్ళి కానివాళ్ళ మధ్య ఏ సాన్నిహిత్యాన్నీ నేరుగా చూపించే వీలు లేదు. అందుకని ఆ కాలపు రచయితలు శృంగారం జరగవలసిన చోటల్లా ఒక ప్రమాదాన్ని జరిపించడం నేర్చుకున్నారు. చిరిగిన గౌను, పోయిన బట్టలు, అడవిలో ఒంటరి రాత్రి, ఇవన్నీ నవ్వుల ముసుగులో సెన్సారు కళ్ళముందే దాటిపోయాయి.

సుసాన్ చేసేది వేధింపు కాదా అన్న మీ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. ఈమధ్య విద్యార్థుల్లో ఎక్కువమంది అడిగేది అదే. బట్టలు దాచడం, అబద్ధాలు చెప్పి రప్పించడం, పెళ్ళి తప్పేలా చేయడం, వీటిని ఒక మగపాత్ర ఆడపాత్రకు చేస్తే మనం సహించం, సహించకూడదు కూడా. సినిమా ఆ సంగతిని దాచిపెట్టదు. బట్టలు దొరికితే అతను వెళ్ళిపోతాడని, తాను ప్రేమించిన మనిషి అతనొక్కడేనని సుసాన్ తన ఆంటీతోనే చెబుతుంది. ఆమె చేసే ప్రతి అల్లరికీ అడుగున అతన్ని వెళ్ళనివ్వకూడదన్న ఆత్రం ఉంది. అయినా ఆ సాకు ఒక్కటే సరిపోదు. సినిమాను నిలబెట్టేది అడవిలో వచ్చే చిన్న ఘట్టం. విసిగిపోయిన డేవిడ్ ఆమెను ఇంటికి వెళ్ళిపొమ్మంటాడు. అంతదాకా దేనికీ జంకని సుసాన్ అక్కడ కూలబడి ఏడుస్తుంది. గమనిస్తే, మొత్తం సినిమాలో ఆమె ఆగిపోయేది అక్కడే. అప్పుడు వెళ్ళిపోవడానికి డేవిడ్‌కు దారి ఉంది, ఆమెకు ఆపే శక్తి లేదు, అతను మాత్రం ఆగి సముదాయిస్తాడు. ఆ తరువాతి పరుగంతా అతను ఎంచుకున్నదే. ఈ వివరణ మిమ్మల్ని ఒప్పించకపోతే నేను వాదించను, కానీ ఆ దృశ్యాన్ని లెక్కలోకి తీసుకోకుండా సుసాన్ మీద తీర్పు చెప్పడం సరికాదని మాత్రం అంటాను.

కథారచయితగా మీకు అన్నిటికన్నా ఉపయోగపడే వివరం ఇది. హేగర్ వైల్డ్ అనే రచయిత్రి 1937 ఏప్రిల్‌లో కాలియర్స్ పత్రికలో అచ్చువేసిన కథ ఈ సినిమాకు మూలం. ఆ కథలో డేవిడ్, సుసాన్ అప్పటికే పెళ్ళి నిశ్చయమైన జంట. అతను శాస్త్రవేత్త కాడు. మ్యూజియం లేదు, ఎముక లేదు, బ్రాంటోసారస్ లేదు. ఒక సోదరుడు పంపిన మచ్చిక జంతువు తప్పించుకోవడం, దాన్ని పాట పాడి పిలవడం మాత్రమే ఉన్నాయి. హాక్స్ ఆ రచయిత్రిని, అప్పటిదాకా ఎక్కువగా గంభీరమైన సినిమాలు రాసిన డడ్లీ నికల్స్‌తో కలిపి కూర్చోబెట్టాడు. వాళ్ళు ముందుగా ఆ ఇద్దరినీ విడదీశారు, వాళ్ళ మధ్య ఒక పెళ్ళికూతురిని, ఒక ఎముకను, ఒక విరాళాన్ని ఇరికించారు. అంటే, జంతువు వెంట పరుగు అనే సంఘటన ముందు పుట్టింది, పొసగని స్వభావాలన్నవి ఆ పరుగును మోయడానికి తరువాత చేర్చిన దినుసు. మన దగ్గర కొత్త రచయితలు తలకిందులుగా వస్తారు. అతను పద్ధతైనవాడు, ఆమె అల్లరిది అని ముందు రాసుకుని, ఆ తరువాత వాళ్ళిద్దరూ ఏం చేస్తారో తోచక కాఫీ షాపుల్లో కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. ఇద్దరూ కలిసి తక్షణం చేసి తీరవలసిన పని ఒకటి, వీలైతే సిగ్గుచేటైన పని, ముందు వెతుక్కోండి. స్వభావాల తేడా ఆ పనిలోనే బయటపడుతుంది.

నటన, చిత్రీకరణ విషయంలో రెండు మాటలు. హెప్‌బర్న్ అప్పటికే ఆస్కారు అందుకున్న నటి అయినా, ఇలాంటి హాస్యం ఆమెకు కొత్త. మొదట్లో నవ్వించాలన్న ప్రయత్నం ఆమె ముఖంలోనే కనబడుతోందని హాక్స్‌కు దిగులు పట్టుకుంది. వాల్టర్ కాట్లెట్ అనే అనుభవజ్ఞుడైన హాస్యనటుణ్ణి పిలిపించి, ఆమె దృశ్యాన్ని ఆయన చేత చేయించి చూపించారు. ఆయన ఎక్కడా నవ్వించే ప్రయత్నం చేయకుండా పూర్తి గంభీరంగా చేసి చూపించేసరికి ఆమెకు కిటుకు అర్థమైంది, ఆయనను సెట్ మీదనే ఉంచమని పట్టుబట్టింది. సినిమాలోని పోలీసు అధికారి స్లోకమ్ ఆయనే. గ్రాంట్‌కు హాక్స్ చూపించిన నమూనా మూకీ సినిమాల హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్, ఆ గుండ్రటి కళ్ళజోడు అక్కడి నుంచి వచ్చిందే. క్లోజప్పులు దాదాపు లేవు. నడుము పైకి ఇద్దరూ కనబడేంత దూరంలో కెమెరాను నిలిపి, ఒకరి మాట ముగియకముందే మరొకరు అందుకునేలా హాక్స్ నడిపించాడు. టైటిళ్ళు దాటాక నేపథ్య సంగీతం కూడా లేనట్టే, వినబడేది బేబీకి ఇష్టమైన పాట, మనుషుల గొంతులు, జంతువుల అరుపులు. మాట తప్పిపోయిందని మీరు విసుక్కున్నారు కదా, కొన్ని మాటలు తప్పిపోవడానికే రాసినవి. ఒకసారి సబ్‌టైటిళ్ళు కట్టేసి చూడండి.

చిరుత గురించి చెప్పకుండా ఉండలేను. నిస్సా అనే శిక్షణ పొందిన చిరుత ఉండేది, దాని శిక్షకురాలు ఓల్గా సెలెస్ట్ కొరడా పట్టుకుని కెమెరా పక్కనే నిలబడేది. హెప్‌బర్న్‌కు భయం లేదు, గ్రాంట్ దాని దరిదాపులకు పోయేవాడు కాడు. ఒకసారి హెప్‌బర్న్ గౌను అంచులో బరువు కోసం కుట్టిన లోహపు ముక్కలతో అది గిర్రున ఊగేసరికి చిరుత ఆమె వీపు మీదికి దూకబోయింది, సెలెస్ట్ కొరడా ఝళిపించి ఆపింది. ప్రమాదకరమైన చాలా దృశ్యాలలో నటులను, జంతువును వేర్వేరుగా చిత్రీకరించి ఒకే ఫ్రేములో అతికించారు. జైలు దృశ్యంలో సుసాన్ తాడు పట్టుకుని క్రూరమైన చిరుతను, అది బేబీయే అనుకుని, మొండి ఆవును ఈడ్చుకొచ్చినట్టు ఈడ్చుకొస్తుంది. ఆ తాడు మీద దృష్టి పెట్టండి. తాడు కదిలే తీరు రెండు వైపులా కలవాలంటే ఎంత లెక్క వేసుకుని ఉండాలో ఊహించవచ్చు.

ఇక పరాజయం సంగతి. చిత్రీకరణ 1937 సెప్టెంబరులో మొదలై అనుకున్న గడువు దాటి 1938 జనవరిలో ముగిసింది, ఖర్చు పది లక్షల డాలర్లు మించింది. న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాలులో మార్చిలో విడుదలై ఒక్క వారానికే దిగిపోయింది. కొన్ని ఊళ్ళలో బాగానే ఆడినా నిర్మాణ సంస్థ ఆర్‌కేవోకు మూడున్నర లక్షల డాలర్లకు పైగా నష్టం మిగిలింది. ఆ సంస్థ హాక్స్ చేతిలోని తరువాతి సినిమా ‘గంగా దిన్’ను తీసేసుకుని జార్జ్ స్టీవెన్స్‌కు ఇచ్చింది. ఆ మే నెలలో థియేటర్ల యజమానుల సంఘం ఒకటి, బాక్సాఫీసుకు విషం లాంటివారంటూ ప్రకటించిన తారల జాబితాలో గ్రేటా గార్బో, మార్లిన్ డీట్రిచ్, జోన్ క్రాఫర్డ్‌లతో పాటు హెప్‌బర్న్ పేరు కూడా చేరింది. ఆమె డబ్బు కట్టి ఆర్‌కేవో ఒప్పందం నుంచి బయటపడింది. కారణాల విషయంలో నా అంచనా ఇది. హెప్‌బర్న్‌ను గర్వస్థురాలిగా చూడటానికి అలవాటుపడిన జనానికి ఆమె అల్లరి ముద్దుగా అనిపించలేదు. రెండో కారణం సినిమాలోనే ఉంది, దాన్ని హాక్స్ తరువాతి కాలంలో తానే ఒప్పుకున్నాడు. ఇందులో మామూలు మనిషి ఒక్కడూ లేడు. పోలీసు తిక్కవాడు, మానసిక వైద్యుడు తిక్కవాడు, తోటమాలి తాగుబోతు, వేటగాడు మేజర్ ఆపిల్‌గేట్ చిరుత అరుపులు అనుకరిస్తూ కూర్చుంటాడు. అందరూ అరుస్తుంటే ఎవరి అరుపుకు నవ్వాలో ప్రేక్షకుడికి తెలియదు. భోజనం దగ్గరి దృశ్యం, జైలు దృశ్యం అవసరానికి మించి సాగాయని నేనూ అంటాను. తరగతిలో కూడా సరిగ్గా అక్కడే పిల్లలు ఫోన్లు తీస్తారు.

1950ల నుంచి టెలివిజన్‌లో మళ్ళీ మళ్ళీ వేయడం వల్ల కొత్త ప్రేక్షకులు దొరికారు. 1972లో పీటర్ బొగ్డనోవిచ్ దీని స్ఫూర్తితోనే ‘వాట్సప్, డాక్?’ తీసి పెద్ద విజయం సాధించాడు. తత్వవేత్త స్టాన్లీ కావెల్ 1981లో హాలీవుడ్ హాస్య ప్రేమకథల మీద రాసిన పుస్తకంలో ఈ సినిమాకు ఒక అధ్యాయమే కేటాయించాడు. 1990లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారపు జాబితాలో చేరింది. ఇంట్లో, ఒంటరిగా, ఏ నవ్వూ మాటను మింగేయకుండా చూడగలగడం ఈ సినిమాకు కలిసొచ్చిందని నాకు అనిపిస్తుంది.

మీ కథకు మళ్ళీ వస్తే, చివరి దృశ్యాన్ని కాగితం మీద విడగొట్టి రాసుకోమని నా సలహా. ఆలిస్ అతన్ని వదిలేసి వెళ్ళిపోయింది. డేవిడ్ మళ్ళీ మ్యూజియంలో, మొదటి దృశ్యంలోని అస్థిపంజరం దగ్గరే ఉన్నాడు. సుసాన్ దొరికిన ఎముకను, విరాళం వార్తను తీసుకుని వస్తుంది. ఆమెను చూడగానే అతను భయపడి పరంజా పైకి పారిపోతాడు. ఆమె ఎదురుగా ఉన్న నిచ్చెన ఎక్కుతుంది. తన జీవితంలో అన్నిటికన్నా మంచి రోజు అదేనని అతను ఒప్పుకుంటాడు, ప్రేమిస్తున్నానని చెబుతూనే అనుకుంటాను అన్న తోక తగిలిస్తాడు. సంతోషం పట్టలేక ఆమె నిచ్చెన మీద అటూ ఇటూ ఊగుతుంది. మాటల మధ్య ఆ ఊపు పెరుగుతున్న సంగతి ప్రేక్షకుడు ముందు చూస్తాడు, డేవిడ్ ఆ తరువాత చూస్తాడు, ఆమె అందరికన్నా చివర చూస్తుంది. నిచ్చెన వదిలి ఆమె అస్థిపంజరం మీదికి పాకుతుంది, నాలుగేళ్ళ శ్రమ ఆమె కాళ్ళ కింద కుప్పకూలుతుంది, అతను చెయ్యి అందించి ఆమెను పైకి లాగుతాడు. ఎముకలను చూసి ఆలోచించి తీసుకున్న నిర్ణయం కాదది. ఆలోచించడానికి వ్యవధి ఉన్న పాత డేవిడ్ అయితే ఆ చెయ్యి అంత వేగంగా వచ్చేది కాదు. మీ రెండు పాత్రలలో నిదానస్తుడైన వ్యక్తి ఆలోచించకుండా చేసే ఒకే ఒక్క పని ఏదో నిర్ణయించుకోండి. దాన్ని చివరికి పెట్టి, అక్కడి నుంచి వెనక్కి రాసుకుంటూ రండి. అతను ఎంత నిదానస్తుడో చూపించడానికి ముందు ఎన్ని దృశ్యాలు కావాలో అప్పుడు మీకే తేలుతుంది.

దీని తరువాత ఏం చూడాలన్నది మీరు అడగలేదు కానీ చెబుతాను. ఇదే జంటతో అదే 1938లో జార్జ్ క్యూకర్ తీసిన ‘హాలిడే’ చూడండి, అందులో ఇద్దరి వేగమూ ఒకటే కాబట్టి పోల్చి చూడటానికి బాగుంటుంది. ఆ తరువాత హాక్స్ 1940లో తీసిన ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’ చూడండి. అందులో గ్రాంట్ పాత్ర ఇక్కడి సుసాన్ పాత్రలాంటిది, పెళ్ళి చెడగొట్టే పని అతనిది. ఆడపాత్ర చేస్తే మీకు కోపం తెప్పించిన పనులు అక్కడ ఆ మగపాత్ర చేస్తున్నప్పుడు మీకు ఎలా అనిపిస్తాయో చూసి, వీలైతే ఇక్కడ రాయండి.